తొమ్మిదేళ్ళ పాపకి ఏడు నెలలుగా కడుపునొప్పి, రిపోర్టులన్నీ నార్మల్. ఇంకేం చేయాలి?

తెనాలి_అమ్మ

అందరికీ నమస్తే. పెద్ద పోస్టు, ముందే చెప్తున్నాను, ఏది అవసరమో ఏది కాదో తెలియక మొత్తం రాసేస్తున్నాను.

మా పాపకి తొమ్మిదేళ్ళు, నాలుగో క్లాసు, బరువు 24 కిలోలు. జూన్‌లో స్కూళ్ళు తెరిచిన రెండో వారంలో వాంతులు, విరేచనాలు పట్టుకుని నాలుగు రోజులు మంచం మీదే ఉంది. అవి తగ్గాయి గానీ కడుపునొప్పి మాత్రం ఉండిపోయింది. సరిగ్గా బొడ్డు చుట్టూ. వారంలో నాలుగైదు రోజులు వస్తుంది, ఒక్కోసారి పావుగంటలో పోతుంది, ఒక్కోసారి మధ్యాహ్నం మొదలైతే రాత్రి అన్నాల వేళ దాకా ఉంటుంది. వచ్చినప్పుడు మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, దిండు వాటేసుకుని, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఏడవదు. కాలి బొటనవేలితో గోడ గీకుతూ ఉంటుంది, ఆ చోట రంగు పోయి లోపలి సున్నం కనిపిస్తోంది.

ముగ్గురు డాక్టర్లకి చూపించాం. మొదటాయన నులిపురుగులని ఆల్బెండజోల్ ఇచ్చారు, స్కూల్లో ఆగస్టులో మళ్ళీ వేశారు. రెండో చోట స్కానింగ్ తీసి మెసెంట్రిక్ నోడ్స్, అంటే పేగుల దగ్గర గ్రంథులు, ఉన్నాయని రాశారు. ఆ మాట చదవగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడాం, ఏమీ మారలేదు. మూడో ఆవిడ రక్తం, మూత్రం, మలం, థైరాయిడ్, గోధుమ పడుతుందో లేదో చూసే సీలియాక్ పరీక్ష అన్నీ చేయించి, పొట్ట నొక్కి చూసి "ఏమీ లేదమ్మా, బెంగ పెట్టుకోకండి" అన్నారు. ఏమీ లేకపోతే పిల్ల ఎందుకలా ముడుచుకుపోతోంది మరి?

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. మా అత్తయ్యగారు దిష్టి అంటారు, ఇప్పటికి మూడుసార్లు ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేశారు. మా ఆయన స్కూలు ఎగ్గొట్టడానికి నాటకం అంటారు. నేనూ ఒకటి రెండుసార్లు అలాగే అనుకుని కేకలేశాను, అబద్ధం చెప్పను. కానీ సంక్రాంతికి మా అమ్మావాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు, నెల ముందు నుంచీ తనే ఒక్కొక్కటి గుచ్చుకున్న భోగి పిడకల దండ పట్టుకుని తెల్లవారుజామునే మంట దగ్గరికి పరిగెత్తిన పిల్ల, పది నిమిషాల్లో ఆ దండ తమ్ముడి చేతిలో పెట్టేసి పొట్ట పట్టుకుని వెనక్కి వచ్చేసింది. నాటకమే అయితే ఆ రోజు ఎందుకు ఆడుతుంది, స్కూలు కూడా లేదు కదా.

ఈ ఏడాది ఇప్పటికి 41 రోజులు స్కూలు పోయింది. ఇంకా పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎండోస్కోపీ చేయించాలా? ఎవరి పిల్లలకైనా ఇలా జరిగిందా? రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టడం లేదు.

రాజుగారబ్బాయి

మా చిన్నప్పుడు ఇవన్నీ లేవండీ. కడుపునొప్పి అంటే ఇంత వాము నమిలించి బడికి తోలేవాళ్ళు. ఫోన్ లాగేసుకుని నాలుగు రోజులు గట్టిగా ఉండండి, అదే సర్దుకుంటుంది. మనమే మరీ సుకుమారంగా పెంచుతున్నాం.

పిల్లలవార్డు_సిస్టర్

రాజుగారూ, మీ చిన్నప్పుడే కాదు, అంతకు ముందూ ఉంది. 1958లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జాన్ యాప్లీ, నోరా నైష్ అనే ఇద్దరు డాక్టర్లు వెయ్యిమంది బడి పిల్లల్ని పట్టుకుని లెక్క తీస్తే, పదిమందిలో ఒకరికి పైగానే ఇలాంటి కడుపునొప్పి తేలింది, అంటే మూడు నెలల్లో కనీసం మూడుసార్లు, చేస్తున్న పని ఆపేసేంతగా. అప్పటికి ఫోన్లెక్కడివి? మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు, వాము నమిలి నోరు మూసుకున్నారంతే.

తెనాలి అమ్మగారూ, నేను విశాఖలో పిల్లల వార్డులో పద్నాలుగేళ్ళు చేశాను. డాక్టర్ని కాను, మీ పాపని చూడలేదు, కాబట్టి ఫలానా జబ్బు అని చెప్పను. కానీ మీరు రాసింది చదువుతుంటే వందల మంది అమ్మలు గుర్తొచ్చారు.

ముందు ఆ "ఏమీ లేదు" సంగతి. డాక్టర్ల నోట వచ్చే ఈ మాట మా వార్డులో చేసినంత చెరుపు ఇంకేదీ చేయలేదని నా అభిప్రాయం. ఆవిడ చెప్పాలనుకున్నది, కోసి బాగుచేయాల్సినది గానీ, పేగుకి పుండు గానీ, ప్రమాదం గానీ ఏమీ లేదని. మీకు వినిపించింది నొప్పే లేదని. మీ ఆయనకి వినిపించింది నాటకమని. పిల్లకి వినిపించింది నన్ను ఎవరూ నమ్మడం లేదని. ఒక్క మాట, ముగ్గురికీ మూడు రకాలుగా.

నొప్పి మూడు నెలలు దాటి ఉంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు, దాని పద్ధతి వేరు. నేను అమ్మలకి ఇలా చెప్పేదాన్ని. వాకిట్లో కుక్కని కట్టేశారనుకోండి. ఒక రాత్రి నిజంగానే దొంగ వచ్చాడు, అది మొరిగింది, దాని పని అది చేసింది. ఆ రోజు నుంచి దానికి అనుమానం పట్టుకుంది. పాలబ్బాయి వచ్చినా, ఎదురింటి గేటు చప్పుడైనా, కొబ్బరిమట్ట రాలినా ఇల్లెగిరిపోయేలా మొరుగుతుంది. దొంగ లేడు. కానీ మొరుగుడు నిజం, మీకు నిద్ర లేకపోవడమూ నిజం. జూన్‌లో వచ్చిన ఆ వాంతులు, విరేచనాలే దొంగ అయి ఉండొచ్చు, కడుపులో ఇన్ఫెక్షన్ తగ్గాక ఇలా నొప్పి మిగిలిపోవడం మేం తరచూ చూసేవాళ్ళం. అన్నం తిన్నాక పేగు సాగడం, గాలి కదలడం మీకూ నాకూ తెలియను కూడా తెలియదు, ఆ పిల్ల నరాలు వాటిని కూడా నొప్పి కింద మెదడుకి చేరవేస్తున్నాయి. స్కానింగ్‌లో పేగు ఆకారం కనిపిస్తుంది, నరం ఎంత గట్టిగా అరుస్తోందో కనిపించదు. అందుకే రిపోర్టు నార్మల్, పిల్లకి మాత్రం నొప్పి.

ఆ నోడ్స్ గురించి భయపడకండి. చిన్నచిన్న లింఫ్ గ్రంథులు ఏ ఇబ్బందీ లేని పిల్లల పొట్టలో కూడా స్కానింగ్‌లో కనిపిస్తాయి. ఉన్నవి ఉన్నట్టు రిపోర్టులో రాస్తారు, మనం ఇంటికొచ్చి గూగుల్ చేసి చస్తాం.

ఎండోస్కోపీ అవసరమా అని డాక్టరే తేల్చాలి, కానీ వాళ్ళు దేని కోసం చూస్తారో చెప్తాను. బరువు తగ్గడం, ఎత్తు పెరగడం ఆగిపోవడం, మలంలో రక్తం, మాటిమాటికీ జ్వరం, ఆగని వాంతులు, అందులోనూ ఆకుపచ్చగా పడితే మరీ, మంచి నిద్రలో ఉన్న పిల్ల నొప్పితో లేచి కూర్చోవడం, మింగడం కష్టం కావడం, కీళ్ళు వాయడం, నొప్పి బొడ్డు దగ్గర కాకుండా ఒక పక్కకి ఉండటం. నొప్పి బొడ్డుకి ఎంత దూరంగా ఉంటే అంత అనుమానించాలని ఆ యాప్లీగారే చెప్పారు, ఇప్పటికీ మా డాక్టర్లు పాటిస్తారు. ఇంట్లో ఎవరికైనా పేగుపూత జబ్బులున్నా చెప్పాలి. వీటిలో ఒక్కటున్నా మళ్ళీ వెళ్ళండి, నా పోస్టు పక్కన పెట్టేయండి.

ఇప్పుడు నా ప్రశ్న. పాప దొడ్డికి రోజూ వెళ్తుందా? గట్టిగా, గోళీల్లా వస్తుందా? స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్తుందా? సిగ్గుపడకుండా చెప్పండి, సగం కడుపునొప్పులు అక్కడే ఉంటాయి. చాలామంది ఆడపిల్లలు స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని పొద్దున్నుంచి నీళ్ళే తాగరు, సీసా ఎలా నింపి పంపితే అలాగే ఇంటికొస్తుంది.

కరీంనగర్_నాన్న

సిస్టర్ చెప్పింది బాగుంది, కానీ చదివేవాళ్ళు అన్ని నొప్పులకీ ఇదే లెక్క వేసుకోవద్దని మా సంగతి రాస్తున్నా.

మా చిన్నదానికి నాలుగేళ్ళప్పుడు పొద్దున లేవంగనే "నాన్నా ఎత్తుకో" అనేది. బాత్రూమ్ దాకా కూడా నడవకపోయేది. పది గంటలయ్యేసరికి మామూలుగా ఎగిరేది. అందుకే ఎవరూ నమ్మలేదు, గారాబం అన్నరు, ఒక డాక్టరు పెరిగే వయసు నొప్పులన్నడు. ఎనిమిది నెలలు అట్లనే పోయింది. చివరికి ఎవరు పట్టుకున్నరో తెలుసా అక్కా, అంగన్‌వాడీ ఆయమ్మ. పాప కింద కూర్చుని లేచేటప్పుడు రెండు చేతులు నేలకి ఆనించి ముసలమ్మ లేచినట్టు లేస్తోందని, ఎడమ మోకాలు కుడిదానికంటే లావుగా ఉందని ఆమెనే చూపించింది. పిల్లల కీళ్ళవాతం. పిల్లలకి కీళ్ళవాతమేంది అనుకున్నం. పదహారేళ్ళ లోపు కీలు వాచి ఆరు వారాలు దాటితే అదేమో చూడాలంట.

తర్వాత తెలిసింది తేడా. పెరిగే నొప్పులైతే సాయంత్రం, రాత్రి వస్తయి, రెండు కాళ్ళకీ, పిక్కల్లో తొడల్లో, నొక్కితే హాయి, పొద్దునకి ఏమీ ఉండదు, కుంటడమూ ఉండదు. మా పాపకి పూర్తిగా ఉల్టా, పొద్దునే బిగుసుకుపోవడం, ఒకే కాలు, కీలు దగ్గరే. ఇంకో మాట, ఎముకల నొప్పితో పాటు జ్వరం, మొహం పాలిపోవడం, ఊరికే నీలం మచ్చలు ఉంటే ఆ రోజే రక్త పరీక్ష చేయించాలి, అది వేరే పెద్ద జబ్బు కావచ్చు.

మెథోట్రెక్సేట్ అనే మందు ఇచ్చారు, వారానికి ఒక్కసారే, మాకు ఆదివారం. గోడ మీద క్యాలెండర్‌లో ఆదివారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టాం, ఎందుకంటే పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మూడు నెలలకోసారి కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా పోతం, ఈ జబ్బులో కంటిలోపల వాపు వస్తే నొప్పి ఉండదు, ఎరుపూ ఉండదు, చూపు పోయేదాకా తెలియదు.

ఇప్పుడు ఏడేళ్ళు. విచిత్రమేందంటే వాపు తగ్గి ఏడాది దాటింది, రక్తంలో కూడా అంతా బాగుంది, నొప్పి మాత్రం అప్పుడప్పుడు ఉండేది. అప్పుడు మా డాక్టరమ్మ అచ్చం ఈ కుక్క కథ లాంటిదే చెప్పింది. మందు పెంచలేదు. ఫిజియోథెరపీ, సైకిల్, నిద్ర. సైకిల్‌తోనే సగం తగ్గింది. రాజన్నా, సుకుమారం అంటివి, పొద్దునే నడవలేని పిల్లని నేను కూడా నాలుగు నెలలు అదే మాటన్నా. ఇప్పటికీ గుర్తొస్తే మనసున పట్టదు.

ఎడిసన్_కూచిపూడి

న్యూజెర్సీ నుంచి. మా పెద్దమ్మాయికి పదమూడేళ్ళు, కూచిపూడి నేర్చుకుంటుంది, రెండేళ్ళ కిందట రిహార్సల్లో చీలమండ బెణికింది. బెణుకు మూడు వారాల్లో తగ్గాలి, దీనికి పెరిగింది. పాదం చల్లబడి, రంగు మారి, దుప్పటి తగిలినా కెవ్వున అరిచేది, సాక్స్ వేసుకోలేక చలికాలంలో ఉత్తకాలితో కారెక్కేది. ఎముక బాగుంది, ఎమ్మారై బాగుంది. దీనికి పేరుంది, సీఆర్‌పీఎస్ (కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్) అంటారు, ఈ వయసు ఆడపిల్లల్లో, ఎక్కువగా కాలికే వస్తుందట.

నేననుకున్నది, నొప్పి తగ్గేదాకా కాలు కదపకూడదని. మూడు నెలలు కదపనివ్వలేదు, నా చేతులతో నేనే ముదరబెట్టాను. ఇక్కడ పిల్లల నొప్పి కోసం ప్రత్యేకంగా క్లినిక్‌లున్నాయి, రోజుకి కొన్ని గంటల చొప్పున వారాల తరబడి ఫిజియోథెరపీ, సైకాలజిస్టుతో మాట్లాడటం, అమ్మానాన్నలకి విడిగా క్లాసు. ఆ క్లాసులో మాకు మొదట చెప్పింది, పిల్లని "ఎలా ఉంది నొప్పి, పదికి ఎంత" అని అడగడం మానేయమని. అడిగిన ప్రతిసారీ పిల్ల లోపలికి తిరిగి వెతుక్కుంటుంది, వెతికితే దొరుకుతుంది.

ఇంట్లో చేయించింది మాత్రం ఏ ఊళ్ళో అయినా చేయొచ్చు. ఒక బేసిన్‌లో బియ్యం పోసి పాదం పెట్టమనేవాళ్ళం, మొదటిరోజు నాలుగు సెకన్లు. తర్వాత కందిపప్పు, మెత్తటి టవల్, గరుకు టవల్, చివరికి కొబ్బరిపీచు. గజ్జెలు కట్టడానికి ఏడు నెలలు పట్టింది. మొదట నొప్పి తగ్గి తర్వాత ఆట మొదలు కాలేదు. ఆట మొదలయ్యాక, చాలా రోజులకి నొప్పి వెనకబడింది. ఏదైనా ఇక్కడ డబ్బున్నవాళ్ళకి, ఇన్సూరెన్స్ ఒప్పుకున్నవాళ్ళకి దొరికే వైద్యం ఇది, అది కూడా చెప్పాలి.

పాడేరు_టీచర్

పైన "ఆట మొదలుపెడితే నొప్పి వెనకబడుతుంది" అన్నది చదివి ఆగలేక రాస్తున్నాను, అది మా పిల్లల దగ్గర చెప్పొద్దు దయచేసి.

నేను ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తాను. మా దగ్గర సికిల్ సెల్ ఉన్న పిల్లలు ఉంటారు. ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో అడ్డుపడతాయి, ఆ కింద భాగానికి రక్తం అందదు. ఆ నొప్పి వచ్చినప్పుడు పిల్ల పెదాలు కొరుక్కుని రక్తం తెచ్చుకోవడం చూశాను. ఇది అనుమానపు కుక్క కాదు సిస్టర్, ప్రతిసారీ దొంగ నిజంగానే వస్తున్నాడు.

మూడేళ్ళ కిందట డిసెంబర్‌లో ఏడో తరగతి పిల్ల ప్రార్థనకి రావడం లేదని తిట్టాను. మా వైపు ఆ నెలల్లో చలి ఎలా ఉంటుందో లంబసింగి వచ్చి ఫొటోలు దిగేవాళ్ళకి తెలుసు. తెల్లవారి ఐదున్నరకి చన్నీళ్ళ స్నానం, తర్వాత ఆరుబయట నిలబడటం. చలి, నీళ్ళు తక్కువ తాగడం, జ్వరం, ఒళ్ళు అలిసిపోవడం, ఇవే ఆ నొప్పిని తెచ్చేవి. మేం రోజూ పొద్దున్నే అన్నీ కలిపి పెట్టాం ఆ పిల్లకి.

2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక మా స్కూల్లోనూ రక్తపరీక్షలు చేశారు, అప్పుడు పేర్లు తేలాయి. ఆ పిల్లకి ఇప్పుడు హైడ్రాక్సీయూరియా అనే మందు ఇస్తున్నారు, నొప్పి రావడం బాగా తగ్గింది. మేం మార్చినవి చిన్నచిన్నవే. స్నానానికి వేడినీళ్ళు, స్వెట్టరు, బెంచీ మీద ఎప్పుడూ నీళ్ళ సీసా. ఈ పిల్లలకి మూత్రం కూడా ఎక్కువగా వస్తుంది, క్లాసు మధ్యలో పదే పదే అడిగితే కసరకూడదు. జ్వరం వచ్చినా, గుండెల్లో నొప్పి, ఆయాసం వచ్చినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రి, తెల్లారేదాకా ఆగేది లేదు.

పిల్లలవార్డు_సిస్టర్

టీచరమ్మా, మీరు దిద్దింది సరైనదే, నేను రాసింది పరీక్షలు చేసి అన్నీ చూశాక మిగిలే నొప్పి గురించి. కీళ్ళవాతానికీ, సికిల్ సెల్‌కీ ముందు ఆ జబ్బుకి మందు పడాలి. అయినా కరీంనగర్ అన్న చెప్పినట్టు, వాటిలోనూ కొందరికి జబ్బు అదుపులో ఉన్న రోజుల్లో కూడా నొప్పి మిగులుతుంది, అప్పుడు రెండూ చూసుకోవాలి.

తెనాలి_అమ్మ

ఇంతమంది రాస్తారనుకోలేదు, అందరికీ దణ్ణాలు. సిస్టర్‌గారూ, మీరడిగింది పాపని మెల్లగా అడిగాను. రెండు మూడు రోజులకోసారి వెళ్తుందట, గట్టిగా ఉంటుందట, నాకు తెలియనే తెలియదు. స్కూల్లో బాత్రూమ్ తలుపుకి గడియ లేదట, ఒకరు బయట నిలబడి పట్టుకోవాలట, ఆ పట్టుకునే స్నేహితురాలు ఈ ఏడాది వేరే సెక్షన్‌కి వెళ్ళిపోయింది. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఈ సంగతి చెప్పలేదు. మీరన్న లక్షణాలు ఏవీ లేవు, బరువు కూడా జూన్ నుంచి కిలోన్నర పెరిగింది.

ఇంకో ప్రశ్న. నొప్పి వచ్చినప్పుడల్లా పారాసిటమాల్ సిరప్ పోస్తున్నాను, దాదాపు రోజూ. పరవాలేదా? పక్కింటావిడ నిమెసులైడ్ బాగా పనిచేస్తుందంటోంది.

పిల్లలవార్డు_సిస్టర్

నిమెసులైడ్ వద్దు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఆస్పిరిన్ కూడా సొంతంగా వేయకూడదు.

పారాసిటమాల్ లెక్క బరువుని బట్టి, వయసుని బట్టి కాదు. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మీ పాపకి ఒక్కసారికి 240 నుంచి 360. అందరూ పొరపాటు పడేది సీసా దగ్గర. 5 మిల్లీలీటర్లలో 125 ఉన్న సిరప్ ఉంది, 250 ఉన్నదీ ఉంది, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. 250 సీసా అయితే 5 నుంచి 7 మిల్లీలీటర్లు. నాలుగు నుంచి ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగుసార్లు దాటకూడదు. చెంచాతో కాదు, సీసాతో వచ్చే మూతతోనో సిరంజితోనో కొలవండి. ఇదంతా జ్వరానికీ, అప్పుడప్పుడూ వచ్చే నొప్పికీ. నెలల తరబడి రోజూ పోయడానికి కాదు, ఈ రకం కడుపునొప్పికి దాని వల్ల ఒరిగేదీ పెద్దగా లేదు. రోజూ ఇస్తున్నానని మీ డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

మలబద్ధకం సంగతి కూడా ఆవిడకే చెప్పండి, మలం మెత్తబడే మందు రాస్తారు. వారంలో ఆపేయొద్దు, చాలామందికి నెలలు పడుతుంది, అలవాటైపోతుందని భయం వద్దు. పొద్దున టిఫిన్ తిన్న పావుగంటకి బాత్రూమ్‌లో ఐదు పది నిమిషాలు, వచ్చినా రాకపోయినా. తిన్నాక పేగు తనంతట తనే కదులుతుంది, ఆ సమయం వాడుకోవాలి. మీకు కమోడ్ ఉంటే కాళ్ళ కింద చిన్న పీట వేయండి. స్కూలుకి వెళ్ళి క్లాస్ టీచర్‌తో ఆ గడియ విషయం మాట్లాడండి, గొడవలా కాదు, మా పాపకి డాక్టరు చెప్పారని.

నొప్పి వచ్చిందంటే మీరు గాభరాగా పరిగెత్తకండి, కసరకండి. "నొప్పి వచ్చిందా, సరే, బొజ్జ ఊపిరి తీద్దాం" అని పక్కన కూర్చోండి. పడుకోబెట్టి బొడ్డు మీద చిన్న బొమ్మ పెట్టి, ఊపిరికి ఆ బొమ్మ లేచి దిగేలా నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదలమనండి. నొప్పి లేనప్పుడు రోజూ రెండుసార్లు అలవాటు చేయాలి, వచ్చినప్పుడు కొత్తగా నేర్పితే ఎక్కదు. స్కూలుకి నొప్పితోనే పంపండి, ముందు సగం పూట అయినా సరే. ఇంట్లో ఉండిపోయిన రోజు టీవీ, ఫోన్, ప్రత్యేకంగా వండి పెట్టడం వద్దు, శిక్షా వద్దు, ఊరికే చప్పగా గడిచే రోజు కావాలి. మీ ఆయన్ని ఒక్కసారి పాపతో "నీ నొప్పి నిజమే, నేను తప్పుగా అనుకున్నాను" అనమనండి. ఆయనకి కష్టమే, తెలుసు. అత్తయ్యగారు దిష్టి తీస్తే తీయనివ్వండి, పక్కన కూర్చుని ఒళ్ళు నిమిరేది ఆవిడే కదా. పిల్ల మరీ దిగులుగా ఉంటే పిల్లల సైకాలజిస్టు, దగ్గర్లో లేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు.

తెనాలి_అమ్మ

ఏడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను, ఒంటిపూట బడులు మొదలయ్యాయి, కాస్త తీరిక దొరికింది.

పూర్తిగా తగ్గలేదు. వారానికి నాలుగైదు రోజులు ఉండేది, ఇప్పుడు ఒకటి రెండు రోజులు, అదీ అరగంటలోపు. డాక్టరుగారు పొడి మందు రాశారు, రోజూ నీళ్ళలో కలిపి ఇస్తున్నాను. ఫిబ్రవరిలో నాలుగు రోజులు, మార్చిలో ఒక్కరోజు స్కూలు పోయింది. మధ్యలో ఒక వారం మళ్ళీ పాత కథే, మా ఆయన "చూశావా" అన్నారు, నేను సిస్టర్‌గారి పోస్టు మళ్ళీ చదివించాను. స్కూలు వాళ్ళు గడియ పెట్టించారు, దానికి మూడుసార్లు తిరగాల్సొచ్చింది. పాపతో ఆ మాట అనడానికి మా ఆయనకి పది రోజులు పట్టింది, అది కూడా బండి మీద ట్యూషన్‌కి తీసుకెళ్తూ, మొహం చూడకుండా అన్నారట. పాపే వచ్చి చెప్పింది నాకు.

బొమ్మ ఊపిరి మాత్రం తమ్ముడికి కూడా నేర్పేసింది. వాడికి నొప్పేం లేదు, బొమ్మ పడిపోకుండా ఎవరిది ఎక్కువసేపు ఉంటుందో పందెం.

బెజవాడ_పిన్ని

ఇప్పుడే మొత్తం చదివాను. మా అక్క కొడుక్కి పదకొండేళ్ళు, ఆరు నెలలుగా తలనొప్పి, దాదాపు రోజూ మాత్ర వేసి స్కూలుకి పంపుతున్నారు. ఇక్కడే అడగనా, కొత్త పోస్టు పెట్టనా?

పిల్లలవార్డు_సిస్టర్

కొత్తది పెట్టండి అమ్మా, ఇక్కడ కలిసిపోతుంది. పెట్టేముందు క్యాలెండర్ చూసి నెలలో ఎన్ని రోజులు మాత్ర వేశారో లెక్కపెట్టి రాయండి, 15 రోజులు దాటితే ఆ మాత్రే తలనొప్పి తెస్తూ ఉండొచ్చు. ఎన్నింటికి పడుకుంటాడో, పొద్దున తిని వెళ్తాడో లేదో, కళ్ళు చూపించారో లేదో కూడా రాయండి. పొద్దున లేవగానే తలనొప్పితో వాంతులవుతున్నా, చూపు రెండుగా కనిపిస్తోందన్నా, నడకలో తూలుతున్నా పోస్టు పెడుతూ కూర్చోకండి, ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.